కరీబియన్ క్రిస్మస్ పానీయం ఇంట్లో చేయాలంటే: సోరెలా, కోకిటోనా, ఇంకోటా?

డిసెంబరు వచ్చిందంటే కరీబియన్ దీవుల్లో ఇంటింటా ఫ్రిజ్‌లో ఒక సీసా చేరుతుంది. అందులో ఏముంటుందన్నది దీవిని బట్టి మారుతుంది. జమైకాలో మాణిక్యంలా ఎర్రగా మెరిసే సోరెల్. ప్యూర్టో రికోలో కొబ్బరిపాల కోకిటో. ట్రినిడాడ్‌లో గుడ్లు, పాలు, రమ్ కలిపిన పోంచ్ డి క్రెమ్. హైతీలో గరిటెజారుగా ఉండే క్రెమాస్. వీటికి తోడు గయానా నుంచి బార్బడోస్ దాకా చాలాచోట్ల అల్లం బీరు. "కరీబియన్ క్రిస్మస్ డ్రింక్" అని నెట్‌లో వెతికితే ఈ ఐదూ కలగాపులగంగా వచ్చి పడతాయి. ఏది చేయాలో తేలక చివరికి ఎవరో ఒకరు ఐదింట్లోంచి తలా కొంచెం తీసి ఒకే గిన్నెలో పోస్తారు. సోరెల్‌లో కండెన్స్‌డ్ మిల్క్ పోసినవాళ్ళూ ఉన్నారు. పులుపు తగిలిన పాలు ఏమవుతాయో వేరే చెప్పక్కర్లేదు.

ముందే మా మాట చెప్పేస్తాం. తెలుగు ఇంట్లో మొదటిసారి చేస్తుంటే సోరెల్‌తో మొదలుపెట్టండి. తాగేవాళ్ళందరూ పెద్దవాళ్ళై, మిఠాయిలా తియ్యగా కావాలంటే కోకిటో. మిగతా మూడింటికీ వాటి వాటి సందర్భాలున్నాయి, కిందకి పోతే తెలుస్తాయి. ఎంచుకునేటప్పుడు రుచి కన్నా ముందు మూడు సంగతులు చూసుకోవాలి: ఎవరు తాగుతారు, ఎన్నాళ్ళు నిలవ ఉండాలి, అసలు దినుసు మీ ఊళ్ళో నిజంగా దొరుకుతుందా. ఈ మూడో ప్రశ్న దగ్గరే చాలామంది బోల్తా పడతారు.

సోరెల్: మన గోంగూరే, కానీ ఆకు కాదు

పేరు దగ్గరే ఒక చిక్కుంది. ఇంగ్లీషు–తెలుగు నిఘంటువులో సోరెల్‌కి అర్థం చూస్తే చుక్కకూర అని ఉంటుంది. అది వేరే మొక్క. కరీబియన్‌లో సోరెల్ అంటే హైబిస్కస్ సబ్దరిఫా, అంటే మనం పుల్ల గోంగూర అనీ తెలంగాణలో పుంటికూర అనీ పిలిచే మొక్క. మనం దాన్ని ఆకు కోసం పెంచుతాం. వాళ్ళకి కావలసింది పువ్వు వాడాక కాయ చుట్టూ కండపట్టి ఎర్రగా మిగిలే తొడుగు. పశ్చిమాఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషులతో పాటే ఈ మొక్కా, దాని కషాయం తాగే అలవాటూ దీవులకి చేరాయని చెబుతారు. సెనెగల్‌లో బిస్సాప్, నైజీరియాలో జోబో, ఈజిప్టులో కర్కాదే అన్నీ దీని తోబుట్టువులే.

క్రిస్మస్‌కీ దీనికీ ముడి పడింది మొక్క స్వభావం వల్లే. పగటి పొద్దు కురచ అయ్యేదాకా ఇది పూయదు. అందుకే అక్కడా ఇక్కడా కాయ చేతికొచ్చేది చలికాలంలోనే. మన పెరట్లో ఆకు కోయకుండా వదిలేసిన మొక్క కూడా కార్తీకం దాటాక ఎర్రటి కాయలతో నిలబడుతుంది. మనవాళ్ళు వాటిని విత్తనానికి వదిలేస్తారంతే.

అయితే గోంగూర అన్న ప్రతి మొక్కా దీనికి పనికిరాదు. నార కోసం వేసే గోగుని కూడా చాలాచోట్ల గోంగూర అనే అంటారు. దాని కాయ తొడుగు పలచగా, నూగుతో ఉండి వేళ్ళకి గుచ్చుకుంటుంది, అందులో పిండడానికి కండే ఉండదు. కూరకి పెంచే ఎర్ర కాడల రకంలో తొడుగు ఎర్రగానే ఉన్నా చిన్నది. రంగు వస్తుంది, కాయలు రెట్టింపు కావాలి. ఆకుతో చేయొచ్చా అని కొందరడుగుతారు. చేస్తే వచ్చేది పచ్చడి కడిగిన నీళ్ళే.

ఎండువి కొనేటప్పుడు ఇంకో మోసం ఉంది. "హైబిస్కస్ టీ" అన్న పొట్లాల్లో కొన్నిట్లో ఉండేది మామూలు మందార పూల రేకులు. పొట్లం విప్పి చూడండి. పల్చగా, కాగితంలా, నలిపితే పొడయ్యేవి మందార రేకులు. ఎండు గోంగూర తొడుగు ముదురు మెరూన్ రంగులో, ముడుచుకుని, కాస్త తోలులా సాగుతూ ఉంటుంది. నాలుక మీద పెట్టుకుంటే చింతపండంత పులుపు తగలాలి. పొట్లం మీద "రోసెల్" అనో సబ్దరిఫా అనో ఉంటే నిశ్చింత. అమెరికాలో ఉన్నవాళ్ళకి మెక్సికన్ దుకాణాల్లో "ఫ్లోర్ డె హమైకా" పేరుతో, అరబ్ దుకాణాల్లో కర్కాదే పేరుతో ఇదే దొరుకుతుంది. లండన్, టొరంటోల్లోని కరీబియన్ దుకాణాల్లో సోరెల్ అనే అడగొచ్చు.

పచ్చివి దొరికితే అదృష్టమే, కానీ పని ఎక్కువ. కాయని ఎడమచేత్తో పట్టుకుని, తొడిమ దగ్గర చాకు మొనతో గుండ్రంగా ఒక గాటు పెట్టి, కింద నుంచి బొటనవేలితో నెట్టాలి. లోపలి పచ్చటి గింజకాయ పుటుక్కున పైకి వచ్చేస్తుంది. చేతిలో మిగిలేది ఐదు రేకులున్న చిన్న ఎర్ర గిన్నె. గింజకాయ లోపలే ఉండిపోతే జిగురు దిగుతుంది, కాబట్టి ఈ పని తప్పదు. కిలో కాయలకి ముప్పావు గంట పట్టొచ్చు, వేలిగోళ్ళు రెండు రోజులు ఎర్రగానే ఉంటాయి. ఎండు తొడుగులకి ఈ తంటా లేదు. వాసనలో పచ్చివాటిదే పైచేయి, రంగులో రెండూ సమానం. పదిమంది కోసం చేస్తూ వేరే వంట కూడా ఉన్నవాళ్ళు ఎండువే వాడుకోవడం మేలు.

కొలతలు, రెండు లీటర్ల నీళ్ళకి: ఎండు తొడుగులు 70 గ్రాములు, లేదా గింజ తీసిన పచ్చివి 600 గ్రాములు. అల్లం 100 గ్రాములు, చెక్కు తీయక్కర్లేదు, కడిగి కచ్చాపచ్చాగా దంచాలి. లవంగాలు ఎనిమిది. ఆల్‌స్పైస్ గింజలు ఆరు. కమలా తొక్క రెండు అంగుళాల ముక్క, తెల్లటి లోపొర లేకుండా. చక్కెర 300 నుంచి 350 గ్రాములు.

ఆల్‌స్పైస్‌ని జమైకాలో పిమెంటో అంటారు, వాళ్ళ నేల మీది చెట్టే. మన పచారీ కొట్లో కబాబ్‌చీనీ అని అడిగితే రెండు వేరు వేరు గింజలు ఇచ్చే అవకాశం ఉంది. చిన్న తోకతో ఉన్నవి చలవమిరియాలు, అవి వద్దు. తోక లేకుండా, మిరియం కన్నా కాస్త లావుగా, గోధుమ రంగులో, నలిపితే లవంగం–జాజికాయ కలిసిన వాసన వచ్చేవి కావాలి. దొరక్కపోతే ఒక అంగుళం దాల్చినచెక్క, చిటికెడు జాజికాయ పొడి వేస్తే సరి. ట్రినిడాడ్ పద్ధతిలో ఎలాగూ దాల్చినచెక్కే వేస్తారు.

నీళ్ళలో అల్లం, లవంగాలు, ఆల్‌స్పైస్ వేసి పది నిమిషాలు మరగనివ్వాలి. పొయ్యి కట్టేశాకే తొడుగులూ కమలా తొక్కా వేసి మూత పెట్టాలి. వేసిన అర నిమిషంలోనే గిన్నె అంచుల నుంచి ఎరుపు పాకుతూ మధ్యకి వస్తుంది. అది చూసి అయిపోయిందనుకుంటారు. రంగు అరగంటలో దిగుతుంది గానీ రుచి దిగడానికి రాత్రంతా పడుతుంది. 12 గంటలు ఊరాక పల్చటి గుడ్డలో వడకట్టి, గట్టిగా పిండి, అందులోంచి రెండు గ్లాసులు తీసి వేడిచేసి చక్కెర కరిగించి మళ్ళీ కలపాలి. చల్లటి దాంట్లో నేరుగా చక్కెర పోస్తే సగం అడుగునే ఉండిపోతుంది.

రమ్ వేసేటట్టయితే ఇప్పుడు, చల్లారాక. జమైకాలో వాడేది 63 శాతం ఆల్కహాల్ ఉన్న తెల్ల ఓవర్‌ప్రూఫ్ రమ్, దానికి తోడు కొందరు రెడ్ లేబుల్ అనే తియ్యటి వైను కూడా పోస్తారు. మన దగ్గర దొరికే రమ్ 42.8 శాతం, కాబట్టి వాళ్ళు 200 మిల్లీలీటర్లు పోసేచోట మనకి 300 పడుతుంది. తెల్ల రమ్మే వాడండి. నల్ల రమ్ పోస్తే ఆ వెనిలా వాసన కింద పులుపు అణిగిపోతుంది, రంగూ మకిలిగా మారుతుంది.

చెడేది ఎక్కడ? నాలుగు చోట్ల. తొడుగుల్ని అరగంట ఉడికిస్తే ఎరుపు ఇటుక రంగులోకి దిగజారి, పానీయం జారుడుగా, జిగటగా అవుతుంది: వేడికి రంగు విరుగుతుంది, తొడుగులోని పెక్టిన్ బయటికొస్తుంది. అల్యూమినియం లేదా ఇనుప గిన్నెలో ఊరబెడితే ఆ పులుపు లోహాన్ని తిని, తుప్పు రుచి వస్తుంది. స్టీలు, గాజు, జాడీ ఏదైనా పరవాలేదు. ఇక మూడోది మన జిల్లాల్లో చాలామందికి ఎదురయ్యేది, బోరు నీళ్ళు. ఈ ఎరుపు పులుపులో ఉన్నంతసేపే ఎరుపు. క్షారం ఎక్కువున్న ఉప్పు నీళ్ళు తగిలితే ఊదాలోకి, ఇంకా మించితే నీలిలోకి తిరుగుతుంది. క్యాన్ నీళ్ళో ఫిల్టర్ నీళ్ళో వాడండి. అప్పటికే ఊదా అయిపోతే సగం నిమ్మకాయ పిండితే ఎరుపు తిరిగొస్తుంది. నాలుగోది లవంగం. పన్నెండు దాటితే, పైగా రాత్రంతా వదిలేస్తే, నాలుక మొద్దుబారి పంటి మందు తాగినట్టుంటుంది.

బెల్లం వేయొచ్చా? వేయొచ్చు, పాపమేం లేదు. కాకపోతే రంగు మట్టిరంగుకి తిరుగుతుంది, అల్లం కూడా ఉంది కాబట్టి పానకం వైపు పోతుంది. పండగ బల్ల మీద ఎర్రగా మెరవాలంటే చక్కెరే.

రమ్ లేకుండా ఫ్రిజ్‌లో ఐదారు రోజులు, రమ్‌తో మూడు వారాలు హాయిగా ఉంటుంది. రెండో రోజుకే బాగా కుదురుకుంటుంది. బీపీ మందులు వాడేవాళ్ళు లోటాలు లోటాలు తాగకుండా చిన్న గ్లాసుతో ఆపుకోవడం మంచిది. ఈ తొడుగుకి బీపీ తగ్గించే గుణం ఉంది.

కోకిటో: దినుసుల పేర్లు తెలిస్తే ఇరవై నిమిషాల పని

కోకిటో అంటే స్పానిష్‌లో చిన్న కొబ్బరి. ప్యూర్టో రికోలో నవంబరు ఆఖర్న వచ్చే థాంక్స్ గివింగ్ పండగ నుంచి జనవరి 6న వచ్చే ముగ్గురు రాజుల పండగ దాకా, ఆ తర్వాత ఎనిమిది రోజులు కూడా దీని కాలమే. పల్లెల్లో ఇంట్లో కాచిన పిటోర్రో అనే చెరకు సారా పోస్తారు, పట్నాల్లో తెల్ల రమ్. దీన్ని "ప్యూర్టో రికో ఎగ్‌నాగ్" అని రాసేవాళ్ళున్నారు గానీ, మామూలు కోకిటోలో గుడ్డుండదు. పచ్చసొన వేసే ఇళ్ళూ ఉన్నాయి, మొదటిసారి చేసేవాళ్ళకి అవసరం లేదు.

దుకాణంలో కొబ్బరి డబ్బాలు మూడు రకాలుంటాయి, పేర్లు ఒకదాన్ని పోలి ఒకటి. కోకోనట్ మిల్క్ అంటే తీపి లేని కొబ్బరిపాలు. కోకోనట్ క్రీమ్ అంటే అవే ఇంకా చిక్కగా, తీపి లేకుండా. క్రీమ్ ఆఫ్ కోకోనట్ మాత్రం చక్కెర దండిగా పట్టించిన పాకం లాంటిది, ప్యూర్టో రికోలోనే పుట్టిన కోకో లోపెజ్ ఈ రకమే. వంటకంలో ఈ మూడోది అడిగితే రెండోది పోసి, "చప్పగా ఉందేంటి, నూనె తేలిందేంటి" అనుకోవడం నిత్యం జరిగేదే. మన ఊళ్ళో క్రీమ్ ఆఫ్ కోకోనట్ దొరకడం కష్టం, చేసుకోవడం తేలిక: 300 మిల్లీలీటర్ల చిక్కటి కొబ్బరిపాలలో 200 గ్రాముల చక్కెర, చిటికెడు ఉప్పు వేసి, సన్న సెగ మీద మరగనివ్వకుండా కరిగిస్తే చాలు.

ఇంకో డబ్బా ఎవాపరేటెడ్ మిల్క్, అంటే తీపి లేకుండా సగానికి పైగా నీరు ఇగిరించిన పాలు. ఇదీ ఇక్కడ అరుదే. తొమ్మిది వందల మిల్లీలీటర్ల ఫుల్ క్రీమ్ పాలు అడుగు మందం గిన్నెలో పోసి, మీగడ కట్టకుండా కలుపుతూ 350 దాకా ఇగిరిస్తే సరిగ్గా అదే. కోవా వాసన వచ్చేదాకా పోనివ్వకండి. ఆ వాసన బాగుంటుంది, కానీ కొబ్బరిని కమ్మేస్తుంది.

కలపాల్సింది ఇది: కొబ్బరిపాలు 400 మిల్లీలీటర్లు, పైన చెప్పిన తియ్యటి కొబ్బరి పాకం మొత్తం, కండెన్స్‌డ్ మిల్క్ ఒక డబ్బా (సుమారు 400 గ్రాములు), ఇగిరించిన పాలు 350, తెల్ల రమ్ 350, దాల్చినచెక్క పొడి ఒక చెంచా, జాజికాయ అర చెంచా కన్నా కాస్త తక్కువ, వెనిలా ఎసెన్సు ఒక చెంచా. చెంచా అంటే టీ చెంచానే. రమ్ తప్ప అన్నీ మిక్సీలో రెండు నిమిషాలు తిప్పి, ఆఖర్న రమ్ పోసి ఒక్క తిప్పు. సీసాల్లో పోసి కనీసం నాలుగు గంటలు, వీలైతే ఒక రాత్రి ఫ్రిజ్‌లో పెట్టాలి. ఈ కొలతకి లీటరూ ముప్పావు వస్తుంది, ఆల్కహాల్ ఎనిమిది తొమ్మిది శాతం ఉంటుంది. తీపి వల్ల అంతుందని నాలుకకి తెలియదు. రెండో గ్లాసు పోసేవాళ్ళకి ఆ మాట చెప్పి పోయాలి.

టెంకాయ కొట్టి పాలు తీసుకుంటే ఇంకా బాగుండదా? రుచికి అవును, నిలవకి కాదు. మొదటి పాలే వాడాలి. రెండో పాలు పోస్తే నీళ్ళు విడిపోతాయి. డబ్బా పాలలో కొబ్బరి వెన్న విడిపోకుండా పట్టుకునే పదార్థాలు కలుపుతారు, ఇంటి పాలలో అవి ఉండవు. కాబట్టి రెండో రోజుకే పైన తెల్లటి బిళ్ళ కడుతుంది. ఇంటి పాలతో చేసింది రెండు మూడు రోజుల్లో తాగేయాలి. వారం ముందే చేసిపెట్టాలంటే డబ్బా పాలే నయం.

ఆ బిళ్ళ గురించి ఒక మాట. ఫ్రిజ్‌లోంచి తీయగానే సీసా మెడ దగ్గర గట్టిగా, కొవ్వొత్తి ముక్కలా అడ్డం పడిందంటే చెడిపోయిందని పారబోయొద్దు. కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గర పేరుకుంటుంది, చలికాలం పొద్దున మన ఇంట్లో కొబ్బరినూనె సీసా గడ్డకట్టినట్టే. పావుగంట బయట పెట్టి గట్టిగా ఊపితే కలిసిపోతుంది. వెడల్పు మూతి సీసా వాడితే అసలు ఈ గొడవే ఉండదు. పాలు విరిగితే మాత్రం వేరే సంగతి: పలుకులు పలుకులుగా, కింద పసుపుపచ్చ నీళ్ళతో ఉంటుంది. పాలు వేడిగా ఉండగానే రమ్ గుమ్మరిస్తే అలా అవుతుంది, ఇక బాగుపడదు.

రమ్ లేని కోకిటో పిల్లలకి బాగానే నచ్చుతుంది. మూడు రోజులకి మించి ఉంచకండి. నిలవ ఉంచేది అక్కడ రమ్మూ చక్కెరే, కొబ్బరి కాదు.

పోంచ్ డి క్రెమ్: గుడ్డు తినే ఇంటికి, థర్మామీటరున్న వంటింటికి

ట్రినిడాడ్ వాళ్ళు పరాంగ్ పాటలతో ఇంటింటికీ తిరిగే రోజుల్లో ఇచ్చే పానీయం ఇది. ఐసు ముక్కలు దంచి పోసి, చిన్న గ్లాసుల్లో. దీని ప్రాణం రెండు వస్తువుల్లో ఉంది, పచ్చి నిమ్మ తొక్క, అంగోస్తురా బిట్టర్స్ అనే చేదు మూలికల సారం. గుడ్లు గిలకొట్టేటప్పుడు నిమ్మ తొక్క చుట్టను కూడా వేసి తిప్పి, తర్వాత తీసి పారేస్తారు. గుడ్డు నీచు పోగొట్టే చిట్కా అదే. రసం చుక్క కూడా పడకూడదు, పాలు విరుగుతాయి. బిట్టర్స్‌ని 1824లో వెనిజులాలోని అంగోస్తురా ఊళ్ళో యోహాన్ సీగెర్ట్ అనే డాక్టరు కడుపు మందుగా తయారుచేశాడు. 1870ల్లో ఆ వ్యాపారం ట్రినిడాడ్‌కి మారి అక్కడే స్థిరపడింది. మన పెద్ద నగరాల్లో మద్యం దుకాణాల్లోనో ఆన్‌లైన్లోనో దొరుకుతుంది. అది లేకుండా చేస్తే వచ్చేది రమ్ కలిపిన కస్టర్డ్.

మూడు గుడ్లు, 500 మిల్లీలీటర్ల ఇగిరించిన పాలు, ఒక డబ్బా కండెన్స్‌డ్ మిల్క్, 200 రమ్, అర చెంచా బిట్టర్స్, పావు చెంచా జాజికాయ. నల్ల రమ్ ఇక్కడ బాగా కుదురుతుంది. పచ్చి గుడ్లతో చేసే పాత పద్ధతిని మేం సిఫారసు చేయం. రమ్ గుడ్డుని ఉడికించదు. పాలు పొగలు వచ్చేదాకా వేడిచేసి, గిలకొట్టిన గుడ్లలోకి సన్నటి ధారగా, కలుపుతూ పోయాలి. మళ్ళీ గిన్నెని మరిగే నీళ్ళ మీద పెట్టి 72 నుంచి 75 డిగ్రీలకి తేవాలి. 82 దాటితే పాలల్లో గుడ్డు పొరటు తేలుతుంది. థర్మామీటరు లేకపోతే చెంచా వీపు మీద పూత పట్టాక వేలితో గీత గీయండి, గీత చెరగకుండా నిలిస్తే చాలు. దించి, కండెన్స్‌డ్ మిల్క్ కలిపి, వడకట్టి, పూర్తిగా చల్లారాకే రమ్, బిట్టర్స్, జాజికాయ. నాలుగైదు రోజుల్లో అయిపోవాలి.

ఇందులో తప్పు జరిగే చోట్లు ఎక్కువ, దొరికే లాభం తక్కువ. కోకిటో ఒకసారి చేసి చేయి తిరిగాక దీని జోలికి పోవడం మంచిది.

క్రెమాస్

హైతీ క్రెమాస్‌ని కోకిటోకి అన్న అనుకోవచ్చు: కండెన్స్‌డ్ మిల్క్ రెండింతలు, కొబ్బరి, ఇగిరించిన పాలు మాత్రం కోకిటోలో వేసినంతే. మీద అనాసపువ్వు వాసన, బాదం ఎసెన్సు రెండు చుక్కలు, నిమ్మ తొక్క తురుము. అనాసపువ్వు మూడు, దాల్చినచెక్క రెండు ముక్కలు ఒక గ్లాసు నీళ్ళలో సగానికి మరిగించి, ఆ కషాయం వడపోసి చల్లార్చి కలుపుతారు. పొడి వేస్తే గొంతుకి ఇసకలా తగులుతుంది. రమ్ అక్కడ 1862 నుంచి ఉన్న బార్బన్‌కూర్, లేదా క్లెరెన్ అనే పల్లెటూరి చెరకు సారా. మనకి నల్ల రమ్ 300 మిల్లీలీటర్లు సరిపోతుంది. తీపి చాలా ఎక్కువ. ఫిల్టర్ కాఫీ గ్లాసులో సగం పోస్తే ఒక మనిషికి చాలు. బిర్యానీ వాసనకి అలవాటు పడ్డ ముక్కులకి అనాసపువ్వు కాస్త తేడాగా అనిపిస్తుంది, రెండు గుటకల తర్వాత సర్దుకుంటుంది. షుగరున్నవాళ్ళ ఇంట్లో చేయడమే దండగ.

అల్లం బీరు: పేరులో బీరున్నా పిల్లల పానీయమే, ఒక షరతుతో

తాజా ముదురు అల్లం 250 గ్రాములు తురిమి, రెండు లీటర్ల కాచి చల్లార్చిన నీళ్ళలో నాలుగు లవంగాలు, ఒక దాల్చినచెక్క ముక్క, నిమ్మ తొక్కతో కలిపి, గుడ్డ కప్పి ఒకటి రెండు రోజులు ఉంచాలి. కొందరు పది పదిహేను బియ్యం గింజలు వేస్తారు, పులియడానికి సాయమని. తర్వాత వడకట్టి 300 గ్రాముల చక్కెర, ఒక నిమ్మకాయ రసం కలిపి ఫ్రిజ్‌లో పెడితే మర్నాటికి అడుగున తెల్లటి పిండి పేరుకుంటుంది. ఆ పైతేట మాత్రమే పోసుకోవాలి. అల్లంలోని పిండి అది, తాగితే ఏం కాదు గానీ సుద్ద తాగినట్టుంటుంది.

షరతేమిటంటే, పిల్లలకయితే చక్కెర ఆఖర్నే, ఫ్రిజ్‌లో పెట్టే ముందే కలపాలి. మొదటే కలిపి బయట వదిలేస్తే పులిసి గ్యాసూ, కాస్త ఆల్కహాలూ పుడతాయి. పెద్దవాళ్ళకి ఆ చురుకే ఇష్టం. అలా చేసేటప్పుడు గాజు సీసాలో బిగించకండి. విజయవాడ డిసెంబరు మధ్యాహ్నపు ఎండకి రెండు రోజుల్లో సీసా పగిలేంత ఒత్తిడి వస్తుంది. ప్లాస్టిక్ కూల్‌డ్రింక్ సీసాలో పోసి, రోజూ నొక్కి చూడండి. రాయిలా గట్టిపడితే మూత కాస్త వదులు చేసి ఫ్రిజ్‌లోకి.

లేత అల్లం వాడితే ఘాటు రాదు. శొంఠి వేస్తే ఘాటుంటుంది గానీ తాజాదనం ఉండదు. ఖర్చు మాత్రం ఐదింట్లోకీ దీనిదే తక్కువ.

ఇక ఏది మీది?

ఇంట్లో పిల్లలు, మందు ముట్టని పెద్దలు, ఒకరిద్దరు తాగేవాళ్ళు కలిసి ఉంటే సోరెల్‌ని మించింది లేదు. రమ్ లేకుండా మొత్తం చేసి, కావలసినవాళ్ళ గ్లాసులో 30 మిల్లీలీటర్లు విడిగా పోసేయొచ్చు. పాలతో చేసేవాటిలో ఈ వీలు తక్కువ, రమ్ లేకపోతే ఎక్కువ రోజులు నిలవ ఉండవు. పాలు పడనివాళ్ళకీ, గుడ్డు తిననివాళ్ళకీ, మాంసం–పులావు–కేకుతో భారీగా తినే రాత్రికీ కూడా సోరెలే, లేదంటే అల్లం బీరు. తిన్నాక మిఠాయి బదులు ఏదైనా కావాలంటే కోకిటో. సీసా కట్టి ఎవరికైనా కానుకగా ఇవ్వాలన్నా డబ్బా పాలతో చేసిన కోకిటోయే, కాకపోతే దారిలో రెండు గంటలకి మించి బయట ఉండకూడదు. రెండు చేసే ఓపిక ఉంటే సోరెల్, కోకిటో జంట బాగా కుదురుతుంది: ఒకటి పుల్లగా పల్చగా, ఒకటి తియ్యగా చిక్కగా. కోకిటో, క్రెమాస్ రెండూ చేయడం అనవసరం.

ఒకేసారి రెండూ చేయాలంటే డిసెంబరు 20లోపు ఎండు తొడుగులు తెచ్చి నాలుక మీద పెట్టి చూసుకోండి, తేడా ఉంటే మార్చుకోవడానికి టైముంటుంది. 22 రాత్రి సోరెల్ ఊరబెట్టి, 23 పొద్దున వడకట్టి చక్కెర కలపాలి. అదే రోజు సాయంత్రం పాలు ఇగిరించి పెట్టుకుంటే 24 పొద్దున కోకిటో ఇరవై నిమిషాల్లో తేలిపోతుంది. సీసాలు వేడినీళ్ళతో కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. 25న అతిథులు రావడానికి పావుగంట ముందు కోకిటో సీసా బయట పెట్టండి. సోరెల్ మాత్రం పోసే నిమిషం దాకా ఫ్రిజ్‌లోనే ఉండాలి.